మునిగిన పడవకు వంద చింతపిక్కలు

నేను రాసిన వార్తను చేత్తో పట్టుకుని ఒక మనిషి నా గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. అవి పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్ళు. సాగర్ ఆనకట్ట ఇంకా లేస్తూ ఉంది. నేను నరసరావుపేటలో ఒక దినపత్రికకు విలేఖరిని. పల్నాటి వార్తలు పోగు చేసి, సాయంత్రం గుంటూరు పోయే బండికి కవరు అందించడం నా పని. దీపావళి వెళ్ళాక ఒక ఉదయం తలుపు తీసేసరికి ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి నిలబడి ఉంది. వెనకాల ఆమె తమ్ముడు. జ్వరపడి లేచినట్టు అతని ముఖం పీక్కుపోయి ఉంది.

ఆమె నాలుగు మడతలు పెట్టిన పేపరు నా ముందు విప్పింది.

"ఇది రాసింది మీరేనా అయ్యా?"

నేనేనన్నాను. 'నాపరాళ్ళ పడవతో సరంగు పరారీ' అని శీర్షిక. కింద అయిదు లైన్లు.

"పరారీ అంటే పారిపోటమేగా?"

"అవునమ్మా."

"పారిపోతంటే మీరు చూశారా?"

"లేదు. పోలీసులు చెప్పారు."

"వాళ్ళు చూశారంటనా?"

"పడవ సావుకారు ఫిర్యాదు ఇచ్చాడు. దాన్నిబట్టి..."

"సావుకారు ఆ రోజు పిడుగురాళ్ళలో ఉన్నాడు. ఆయనా చూళ్ళేదు. ఎవరూ చూడంది పేపర్లో ఎట్టా పడిద్దయ్యా?"

"ఊరుకోవే అక్కా, పెద్దోళ్ళతో ఏందా మాటలు" అన్నాడు తమ్ముడు.

ఆమె ఊరుకోలేదు. పేపరు నా చేతిలో పెట్టింది. అప్పటికి పదేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకు నేనూ వేసుకోలేదు.

వాళ్ళని కూర్చోబెట్టి విన్నాను. గురజాల అవతల, కృష్ణ ఒడ్డున వాళ్ళ ఊరు. అక్కడి రేవు నుంచి నాపరాళ్ళు పడవల మీద అవతలి ఒడ్డుకు పోతాయి. ఆమె భర్త సావుకారు పడవ నడిపే సరంగు. తోడుగా పోయేది ఈ తమ్ముడే. ఆ రోజు ఇతనికి జ్వరం. బావ ఒక్కడే మధ్యాహ్నం రాళ్ళు వేసుకుని బయలుదేరాడు. ఉన్నట్టుండి గాలి లేచింది, వాన కమ్మింది. వాన వెలిశాక చూస్తే పడవ ఈ ఒడ్డునా లేదు, ఆ ఒడ్డునా లేదు. మూడో రోజున అతని సద్దిగిన్నె దిగువన ఏటి మలుపులో దొరికింది. మనిషి దొరకలేదు. గిన్నె తనే విసిరేశాడని, పడవని దిగువన ఎక్కడో అమ్ముకుని మాయమయ్యాడని సావుకారు ఫిర్యాదు. తమ్ముడికి కూడా ఇందులో చెయ్యి ఉందేమోనని పోలీసులు రోజూ స్టేషనుకు పిలిచి కూర్చోబెడుతున్నారు.

"రేవు కాడ నీళ్ళకి పోతే ఆడోళ్ళు నవ్వుతున్నారయ్యా" అంది ఆమె. "మీ ఆయన అవతలొడ్డున ఎవతి చేతి పులుసు తింటన్నాడో కనుక్కోవే అంటన్నారు. మా చర్చి అయ్యగారేమో, శవమన్నా దొరకాల, పడవన్నా దొరకాల, అప్పటిదాకా ఆదరణ కూడిక, అదే చావు ప్రార్థన, పెట్టటానికి లేదంటన్నారు. బతికున్నోడికి ఎట్టా పెడతాం అంటారు. ఆ మాటా నిజమేగా. నేను ఏడవాల్నో, తిట్టాల్నో తెలవటం లేదు."

ఆమెకు కావలసింది అదొక్కటే. భర్త చనిపోయిన సరంగో, పారిపోయిన దొంగో తేలాలి. చనిపోయి ఉంటే మట్టి చెయ్యాలి.

నాకు వెంటనే గుర్తొచ్చింది గురజాల హైస్కూలు లెక్కల మాష్టారు. మా పత్రికలో ఎక్కడ కూడిక తప్పు పడినా కార్డు ముక్క మీద దిద్ది నాకు పోస్టు చేసే మనిషి ఆయన. యుద్ధం రోజుల్లో బొంబాయిలో నౌకాదళం ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. మునిగిన ఓడలు సముద్రంలో ఎక్కడున్నాయో వెతకడానికి పటాలు గీసి, ఏ గడిలో ఎంత అవకాశమో వేసే పని. ఒకసారి రైల్లో మాచర్ల దాకా ఆ సంగతులే చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ముగ్గురం గురజాల బస్సెక్కాం.

మాష్టారు అంతా విని, మొదట నన్ను అడిగాడు.

"పరారీ అని రాశావు. ఎంత నమ్మకంతో?"

"అంటే?"

"వందకి ఎన్ని పాళ్ళు?"

అది నేను ఎప్పుడూ లెక్కేయలేదు. ఆయన చొక్కా వేసుకుని మాతో వాళ్ళ ఊరికి బయలుదేరాడు.

వాళ్ళ ఊళ్ళో చర్చి, బడి ఒకటే ఇల్లు. వారమంతా బడి, ఆదివారం ప్రార్థన. నేల మీద పల్నాటి ఇళ్ళన్నిటిలాగే నాపరాళ్ళ పరుపు. మాష్టారు లోపలికి రాగానే పైకీ చుట్టూ చూడలేదు, కిందికి చూశాడు. నాలుగు వరసలు, వరసకి ఆరు. ఇరవై నాలుగు బండలు. ఏటి పటం నేల మీద తయారుగా ఉందన్నాడు. తూర్పు గోడ అవతలి ఒడ్డు, పడమటి గోడ మన ఒడ్డు, వేదిక వైపు ఎగువ, వాకిలి వైపు దిగువ. ఒక్కో బండ ఏట్లో ఒక ముక్క.

చింతపిక్కలు వంద కావాలన్నాడు. సంఘపెద్ద ఒకాయనకు కోపం వచ్చింది.

"దేవుడి మందిరంలో పిక్కలాటేంది మాష్టారూ?"

"ఆట కాదు పెద్దాయనా, లెక్క."

"అయ్యగారూ, మీరన్నా చెప్పండి."

అయ్యగారు, ఆ సంఘానికి పాస్టరు, ఆమె వైపు చూశాడు. "తప్పిపోయిన మనిషిని వెతకటానికేగా. పెట్టనీయండి" అన్నాడు. ఆ రోజు నుంచి బడి పిల్లల్ని బయట చెట్టు కింద కూర్చోబెట్టారు.

మాష్టారు పిక్కలు చేటలో పోయించి చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పాడు. "ఈ వందా మన నమ్మకం. పడవ ఎక్కడుందని గట్టిగా అనుకుంటామో అక్కడ ఎక్కువ పెడదాం. ఉండదనుకున్న చోట తక్కువ పెడదాం. ఏ బండా ఖాళీగా మాత్రం వదలొద్దు."

పడవను చివరగా చూసినవాళ్ళు ఇద్దరు. ఇవతలి గట్టు మీద గొర్రెలు కాసే ముసలాయన, అవతలి ఒడ్డున మిరపచేలో కలుపు తీస్తున్న ఒక తెలంగాణ ఆవిడ. ఆవిడ చెప్పింది పడవవాళ్ళు కనుక్కొచ్చారు. ముసలాయన్ని మాష్టారు వకీలులా ప్రశ్నించాడు. ఏ రాయి పక్కన నిలబడ్డావు, వాన మొదలయ్యాక చూశావా, ముందా?

"గొర్రెల్ని చూసుకోవాల్నా, పడవని చూసుకోవాల్నా సామీ? తలెత్తితే తెరచాప కనపడింది, మళ్ళీ ఎత్తితే లేదు. నడి ఏటికి కాస్త ఇవతల" అన్నాడు ముసలాయన.

"ఎంత ఇవతల?"

"నాకు కళ్ళున్నయ్యి గానీ కొలబద్ద లేదుగా."

అందరూ నవ్వారు. మాష్టారూ నవ్వి, ముసలాయన చెప్పిన బండ మీద పద్నాలుగు పిక్కలు పెట్టాడు. దాని చుట్టూ ఉన్న వాటి మీద ఏడు, ఆరు. ఆవిడ చూసిన వైపు కొన్ని. గిన్నె దొరికిన దిగువకు కొన్ని. ఏ బండా ఉత్తగా లేదు. మొత్తం ఎనభై అయ్యాయి. మిగిలిన ఇరవై పిక్కలు తీసుకెళ్ళి గడప మీద కుప్పగా పోశాడు.

సరంగు భార్య అప్పటిదాకా గోడకు ఆనుకుని చూస్తూ ఉంది.

"అయ్యి దేనికి మాష్టారూ?"

ఆయన చెప్పాడు. "అవి నీళ్ళలో లేని పడవకమ్మా. సావుకారు చెప్పింది నిజమైతే పడవ ఏట్లో ఉండదు. అదీ లెక్కలో ఉండాలి. లేకపోతే ఈ లెక్కంతా మన కోరిక అవుతుంది."

"అంటే మా బావ దొంగంటారా?" అంటూ ఆమె తమ్ముడు లేచి కుప్పను కాలితో తన్నాడు. పిక్కలు వాకిట్లోకి దొర్లిపోయాయి. ఆమె వెళ్ళి ఒక్కొక్కటీ ఏరి, లెక్కపెట్టి, ఇరవయ్యీ గడప మీద పెట్టింది.

"అట్టనే ఉండనీరా" అంది తమ్ముడితో. "పేపరోళ్ళు చూడకుండా రాశారని తిట్టొచ్చాను. మనం చూడకుండా తుడిచేస్తే ఎట్టా?"

సోమవారం వెతుకులాట మొదలైంది. రేవులో ఉన్న మూడు పడవలవాళ్ళు పనులు మానుకుని వచ్చారు. వాళ్ళకు పెద్ద ఒక ముసలి సరంగు, ఆమెకు వరసకు పెదనాన్న. నీళ్ళు ఇంకా ఎర్రగా, రెండు మూడు నిలువుల లోతున ఉన్నాయి. ఇనపమొన వేసిన గడలతో అడుగు పొడుస్తూ, బావుల్లో చేదలు తీసే పాతాళభేదిని తాడుకి కట్టి ఈడుస్తూ పోవాలి. చెక్క తగిలితే, గుడ్డ తగులుకుంటే మునిగి చూడాలి.

మొదటి రోజు పద్నాలుగు పిక్కల బండకే వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి ముసలి సరంగు చెప్పాడు.

"ఆడ లేదు. అంతా బండే. గడేస్తే ఠంగుమంటంది. ఆ పిక్కలు తీసెయ్యండి."

మాష్టారు బడి వదిలాక సైకిలు మీద అప్పుడే వచ్చాడు. "అన్నీ తియ్యను. పడవ నిజంగా అక్కడే ఉందనుకో. ఇవాళ వెతికినట్టు పదిసార్లు వెతికితే ఎన్నిసార్లు దొరుకుతుంది?"

"పదికి పది. నలభై ఏళ్ళ గడ ఇది."

"అబద్ధం చెప్పబాక పెదనాన్నా" అన్నాడు తమ్ముడు. "పోయినేడు లంగరు తెగిపడితే మూడు రోజులు దేవలాడాం. నీ గడే గదా?"

"లంగరంటే ఏందిరా, పిడికెడంత. ఇది పడవ!"

"నీళ్ళలో ఏదైనా పిడికెడంతే పెదనాన్నా."

చాలాసేపు బేరమాడి పదికి ఏడు దగ్గర ఆగారు. మాష్టారు ఆ బండ మీద నాలుగు పిక్కలు ఉంచి, తీసిన పది మిగిలిన చోట్లకు, అప్పటికే ఎక్కువ ఉన్న చోటికి ఎక్కువగా పంచాడు. గడప మీదకూ రెండు వెళ్ళాయి.

"ఇవాళ అక్కడ లేదని తేలలేదు. దొరకలేదని తేలింది. ఆ రెండూ వేరు" అన్నాడు.

ముసలి సరంగుకు ఆ మాట నచ్చలేదు. తన గడ మీద తనకు లేని అనుమానం బళ్ళో మాష్టారికి ఎందుకని గొణుక్కుంటూ పోయాడు.

నేను రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా ముందు గడపే చూసేవాణ్ణి. ఏట్లో వెతికి దొరకని ప్రతి రోజూ అక్కడ కుప్ప పెరిగేది. ఇరవై రెండు, ఇరవై ఆరు, ముప్ఫై. న్యాయంగా చూస్తే పెరగాలి మరి. నీళ్ళలో దొరకనకొద్దీ నీళ్ళలో లేదనే మాటకు బలం వస్తుంది. ఆ సంగతి ఊరందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. మాష్టారు రావడం ఆలస్యమైతే పిక్కలు మార్చే పని ఆమే చేసేది. చదువు లేదు. చిన్నప్పుడు వామనగుంటలు ఆడిన చెయ్యి, తప్పేది కాదు. ఏ బండ మీద ఎన్ని తగ్గాలో, ఎటు పంచాలో నేర్చుకుంది. గడప మీదికి పోవలసినవి తనే తీసుకెళ్ళి పెట్టేది.

ఆదివారం వెతకలేదు. ప్రార్థనకు జనం వచ్చారు. పిక్కలు కదపొద్దని అయ్యగారు ముందే చెప్పాడు. పిక్కల కుప్పలకు తగలకుండా, గోడల వెంబడి ఒదిగి కూర్చున్నారు. పిల్లల్ని ఒళ్ళో అదిమి పట్టుకున్నారు. కానీ లోపలికి రావాలంటే గడప దాటాలి. ముప్ఫై నాలుగు పిక్కల కుప్ప, అతను పారిపోయాడనే కుప్ప. మగవాళ్ళు పంచె ఎత్తి, ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎత్తి దాన్ని దాటారు. రేవులో నవ్విన ఆడవాళ్ళూ దాటారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆమె అందరికంటే చివర వచ్చింది. గడప ముందు కాసేపు నిలబడి, దాటి, వెనక కూర్చుంది.

తొమ్మిదో రోజుకు ఇరవై నాలుగు బండలూ అయిపోయాయి. సావుకారు మనిషి, కానిస్టేబులు వచ్చారు. ఇక చాలని, మర్నాటి నుంచి పడవలు పనిలోకి రావాలని చెప్పారు. గడప మీద నలభై అయిదు పిక్కలున్నాయి. సావుకారు మనిషి వాటిని చూసి, "మీ లెక్కే చెబతందిగా మాష్టారూ" అన్నాడు.

"సగం కూడా కాలేదు" అన్నాడు మాష్టారు. "మిగిలిన యాభై అయిదు ఇంకా ఏట్లోనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఎక్కడున్నాయో చూడండి."

అందరం చూశాం. మొదటి రోజు నాలుగుకు దిగిన బండ మీద, మిగతా బండల నుంచి రోజూ పంచినవి చేరి, ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. చుట్టూ అన్నీ అంతకంటే తక్కువ.

"మళ్ళీ ఆడికేనా?" ముసలి సరంగు కోపంగా నవ్వాడు. "చూసిన చోటే చూట్టమేంది? రాయి, రాయి అని చెబతన్నా గదా."

అప్పుడు ఆమె అడిగింది.

"పెదనాన్నా, రాయికి గడ తగిలినప్పుడు జారిందా, పట్టిందా?"

"ఏందే?"

"ఏటి బండకి పాచి ఉంటది. మొన జారిపోద్ది. నీకు జారిందా?"

ముసలి సరంగు ఆలోచించాడు. "జారలేదు. ఒక చోట నెర్రెలో ఇరుక్కుంది. ఇద్దరం గుంజాం."

"ఎన్ని నెర్రెలు?"

"రెండు మూడు చోట్ల పట్టింది..." అంటూ మధ్యలో ఆగిపోయాడు.

ఆమె పెళ్ళికి ముందు రాళ్ళ గనిలో మోత పనిచేసింది. నాపరాళ్ళను పడవలోనైనా బండిలోనైనా పడుకోబెట్టరు, పగిలిపోతాయి. పుస్తకాలు పేర్చినట్టు అంచు మీద నిలబెడతారు, రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అందరూ ఆ రాళ్ళు మోసినవాళ్ళే, వాటి మీద కూర్చుని ఉన్నవాళ్ళే. అయినా పల్నాట్లో గడకు రాయి తగిలితే ఎవరు ఆశ్చర్యపోతారు? పడవ కోసం వెతికారు గనక చెక్క కోసం వెతికారు. పడవలో ఉన్నదే రాయని తొమ్మిది రోజులు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నా శీర్షికలోనే ఉంది, నాపరాళ్ళ పడవ అని.

ముసలి సరంగు తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "రేపు ఒక్క రోజు" అన్నాడు సావుకారు మనిషితో. "మీ అయ్యకు నేను చెప్పుకుంటా."

మర్నాడు పొద్దున మాష్టారు సెలవు పెట్టి వచ్చాడు. ఒడ్డున ఊరంతా ఉంది. ముసలి సరంగు గడ వేశాడు, జారలేదు. మళ్ళీ వేశాడు, ఇరుక్కుంది. తమ్ముడు మునిగాడు. పైకొచ్చి పడవ అంచు పట్టుకుని చాలాసేపు రొప్పాడు.

"వరసగా నిలబడి ఉన్నయ్యి పెదనాన్నా" అన్నాడు. "ఒక్క రాయి కూడా కదల్లేదు."

మూడోసారి మునిగినప్పుడు మనిషి దొరికాడు. తెరచాప కింద ఉన్నాడు. చుక్కాని తాడు ఎడమ చేతికి రెండు మెలికలు పడి ఉంది. తాడు కోస్తే గానీ రాలేదు. ఒడ్డుకు తెచ్చేముందు ముసలి సరంగు తన తువ్వాలు కప్పాడు. రేవులో ఆడవాళ్ళు ఆమెకు దారి ఇచ్చారు. ఆమె అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల్లో నేను చూడగా అదే మొదలు.

ఆ సాయంత్రం బండికి నేను అందించిన కవరులో ఒకే వార్త ఉంది. సరంగు పారిపోలేదని, పడవను వదలకుండా మునిగిపోయాడని, ఇంతకుముందు ఈ పత్రికలో వచ్చింది తప్పని రాశాను. చివరి పేజీలో, అడుగున, మూడు లైన్లు వేశారు. మట్టి చేసే రోజున ఆమెకు చదివి వినిపించాను.

"అంతేనా?" అంది.

"అంతేనమ్మా."

"అప్పుడు అయిదు లైన్లున్నయ్యిగా" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అంది.

సమాధుల దొడ్డిలో భూస్థాపన అయ్యాక అయ్యగారు సంఘం పుస్తకం తెరిచి, చనిపోయిన తేదీ ఏది రాయాలని అడిగాడు. దొరికిన రోజా, బయలుదేరిన రోజా?

"బయలెల్లిన రోజే రాయండి అయ్యగారూ. ఆ తరవాతి రోజులు ఆయనవి కావు."

ఆయన అలాగే రాశాడు.

జనం పలచబడ్డాక మాష్టారు సైకిలు తీసుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"మాష్టారూ, ఒక మాట. మీకెప్పుడన్నా ఆయన పారిపోయాడనే అనిపించిందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "నలభై అయిదు పాళ్ళు అనిపించిందమ్మా. చివరి రోజుకి."

ఆమె తల ఊపింది. "నాకు ఆదివారం గడప దాటేటప్పుడు వందకి వందా అనిపించింది. ఆ ఒక్క పూట. మనసులో నానా మాటలు తిట్టాను. అప్పటికి ఆయన నీళ్ళ అడుగున తాడు పట్టుకుని ఉన్నాడు గదా మాష్టారూ. అది ఎవరికి చెప్పుకోను?"

మాష్టారు సైకిలు మళ్ళీ స్టాండు వేశాడు. అవతల ఆమె తమ్ముడు, ముసలి సరంగు సమాధి చుట్టూ మట్టి చదును చేస్తున్నారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వాళ్ళ దగ్గరికి వెళ్ళి, తనూ చేతులతో మట్టి దగ్గరికి లాగడం మొదలుపెట్టింది.